టర్బోకి ముందా, తర్వాతా?

మా ఆయన డెల్విన్ పికప్ నడుపుతూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడం పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో నేను చూడలేదు. రోడ్డుకి అడ్డంగా జింక వచ్చినా హారన్ కొడతాడే గానీ కాలు తీయడు. వైట్‌బర్డ్ కొండ దగ్గరైతే ఇక చెప్పనే అక్కర్లేదు. ఏడు మైళ్ళ ఎక్కుడు, వెనక ట్రైలర్లో రెండు బండలాగుడు గుర్రాలు, ఒక్కోటీ టన్ను బరువు. అయినా సరే, తిరునాళ్ళకి తన తమ్ముడు గార్త్ కంటే ముందు చేరాలి.

పోయినేడాది ఆగస్టులో అలా ఎక్కుతుంటేనే నాలుగో మైలు దగ్గర పిస్టన్ కరిగిపోయింది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే కొవ్వొత్తిలా కరిగింది. ఇంకో బండి వచ్చి మమ్మల్ని లాక్కెళ్ళేసరికి రెండున్నర గంటలు పట్టింది. పక్కనుంచి లారీలు రయ్యిమని పోతుంటే గుర్రాల్ని కిందికి దింపే వీల్లేదు. ఆ ఎండకి పెద్ద గుర్రం ఓపల్ ట్రైలర్లోనే మోకాళ్ళ మీద కూలబడింది. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు, ఫ్లాస్కులో చల్లారిన కాఫీ కూడా దాని మెడ మీదే పోశాం. ఎలాగో బతికింది.

ఓపల్‌కి ఇప్పుడు పదిహేడేళ్ళు. తిరునాళ్ళలో బండలాగుడు పోటీకి ఇదే ఆఖరి ఏడాది. అలాంటి ఎండలో మరోసారి నిలబెడితే ఇక లేవదని పశువుల డాక్టరు నా మొహం మీదే చెప్పాడు.

అందుకే ఈసారి, పిస్టన్ కరగకముందే కాలు తీయమని హెచ్చరించేలా, పొగ వేడి చెప్పే మీటరు కొన్నాం. డాష్‌బోర్డు మీద ముల్లు, దాని తీగ చివర చిటికెన వేలంత కడ్డీ. ఆ కడ్డీని ఇంజిన్ పొగ పోయే దారిలో దూర్చాలి. ఎక్కడ దూర్చాలన్న దాని మీదే మా ఇంట్లో వారం రోజులు కురుక్షేత్రం జరిగింది.

టర్బో అంటే పొగ ఊపుకి తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి ఎక్కించే చక్రం. గార్త్ తన బండికి ఆ టర్బో దాటాక ఉండే పల్చటి గొట్టంలో పెట్టుకున్నాడట. కాబట్టి మా ఆయనా అక్కడే పెట్టాడు. అది ఐదు నిమిషాల పని. టర్బోకి ముందు, ఆరు సిలిండర్ల పొగా కలిసే చోట పెట్టమని నేను మొత్తుకున్నాను. ఆ పొగ టర్బోని తిప్పడానికే సగం ఉసురు పోగొట్టుకుంటుంది. ఎక్కుడులో టర్బోకి ముందు పద్నాలుగొందల ఫారన్‌హీట్ డిగ్రీలుంటే, అది దాటాక పదకొండొందలే చూపిస్తుంది. మీటరు మీద ఎర్రగీత ఉన్నదేమో పన్నెండొందల యాభై దగ్గర. అంటే పిస్టన్ కరిగిపోతున్నా ముల్లు మాత్రం ఏం ఫరవాలేదంటుంది.

డెల్విన్ వింటేగా. అక్కడ దళసరి పోత ఇనుముకి చిల్లు పెట్టాలి, రజను రాలి టర్బోలో పడితే దాని రెక్కలు విరుగుతాయి, అప్పుడు ట్రైలరు నువ్వు లాగుతావా అన్నాడు. మా అత్తగారు థెల్మా బఠాణీలు ఒలుస్తూ అన్నీ వింటోంది. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు, ముప్ఫై ఏళ్ళు గడ్డి లారీ తోలిన మనిషి.

"జ్వరం చూడాలంటే థర్మామీటరు నోట్లో పెడతారు గానీ దుప్పటి మీద పెడతార్రా?" అంది.

డెల్విన్ టోపీ పెట్టుకుని బయటికి పోయాడు.

గురువారం అతను పక్కవాళ్ళ పొలంలో గడ్డి మోపులు కట్టడానికి వెళ్ళాడు. అతని ట్రాక్టరు గేటు దాటిందో లేదో, అత్తగారు నా చేతికి డ్రిల్లు ఇచ్చింది. రజను లోపల పడకుండా ఎలాగని అడిగితే, ఇంజిన్ ఆన్‌లో పెట్టి కొట్టాలంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి, బిట్టుకి గ్రీజు దట్టంగా పూసి నెమ్మదిగా దింపితే, చిల్లు పడగానే లోపలి పొగే రజనంతా బయటికి ఊదేస్తుందట. లారీ తోలే రోజుల్లో అలాగే చేసేదట. ఆవిడ లైటు పట్టుకుంది, నేను దేవుడి మీద భారం వేశాను. చిల్లు పడిన క్షణాన బుస్సుమని వేడి రజను నా మీదికి ఎగిరింది. మొహం పక్కకి తిప్పుకున్నాను గానీ, రజను తగలకుండా తొడుక్కున్న నా పచ్చ స్వెట్టరు జల్లెడైంది. తర్వాత ఇంజిన్ ఆపి, మరలు కోసి, కడ్డీ బిగించి, పాత చిల్లుకి బోల్టు కొట్టేశాం. స్వెట్టరు కొట్టంలో గోనెల వెనక పడేశాను. పొద్దుగూకేసరికి ఇద్దరం ఏమీ ఎరగనట్టు బఠాణీల సూప్ వడ్డించాం.

శనివారం కొండ మొదలైంది. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. వెనక ఓపల్, దాని జోడీ ఫెర్న్ కాళ్ళు మారుస్తున్న చప్పుడు. నా కళ్ళు రోడ్డు మీద లేవు, ముల్లు మీదే ఉన్నాయి. వెయ్యి. పదకొండొందలు. పాత చోటైతే ఇంత తొందరగా లేచేది కాదు. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అరుస్తాడు అని సమాధానం నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగో మైలు దగ్గర పన్నెండొందలు తాకబోయింది.

డెల్విన్ కాలు తీశాడు. గేరు దించాడు. బండి ముప్ఫై మైళ్ళ వేగానికి పడిపోయింది.

అప్పుడే గార్త్ తన ట్రైలరుతో పక్కనుంచి పోతూ హారన్ మోగించి, కిటికీలోంచి టోపీ ఊపాడు. ఇక అయిపోయిందనుకున్నాను. డెల్విన్ టోపీ ఊపి, ముల్లు వంక చూసుకుంటూ అలాగే నడిపాడు. మా వెనక కార్లు బారు తీరాయి. ఎవడో ముసలాయన చెయ్యి బయట పెట్టి తిట్టాడు కూడా. అయినా పైదాకా ఒక్కసారీ తొందరపడలేదు.

పైన ఆపగానే డెల్విన్ తిన్నగా ట్రైలరు దగ్గరికి వెళ్ళి, ఓపల్ జూలు కింద చెయ్యి పెట్టాడు. పెట్టి, తీయకుండా అలాగే ఉంచాడు.

"నీ స్వెట్టరుకి పదమూడు చిల్లులున్నాయి," అన్నాడు నా వైపు చూడకుండా. "గురువారం రాత్రి గుర్రాలకి ఓట్స్ తీయబోతే గోనెల వెనక దొరికింది."

నేను ట్రైలరు తలుపు దగ్గరే ఆగిపోయాను.

"రజను సంగతి సాకు, నోలా. చిల్లు పెట్టడం నాకు రాకనా? నిజమైన అంకె కనపడితే కాలు తీయాలి. కనపడకపోతే తీయక్కర్లేదు. పోయినేడు ఇది మోకాళ్ళ మీద పడ్డప్పట్నించీ ఆ అంకె చూడాలంటేనే నాకు భయం." నా వైపు తిరిగి, "ఇంజిన్ ఆన్‌లో పెట్టే కొట్టావా?" అన్నాడు.

అవునన్నాను. ఆ ఉపాయం ఎవరిదని అడగలేదు, తల మాత్రం అడ్డంగా ఊపాడు. నేను వెళ్ళి ఓపల్ మెడ మీద అతని చెయ్యి పక్కనే నా చెయ్యి పెట్టాను. మెడ పొడిగా ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

గార్త్ మాకంటే పావుగంట ముందే చేరాడు. అతని ఇంజిన్‌కి ఏమీ కాలేదు, పైగా పోటీలో గెలిచింది కూడా అతని జోడీయే. మాది మూడో స్థానం. ఆఖరి బండ దగ్గర ఓపల్ చెవులు వెనక్కి పెట్టి లాగిన తీరు చూసి జనం లేచి నిలబడ్డారు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు వరండాలోనే కాచుక్కూర్చుంది. ఎంత వచ్చిందిరా అని అడిగింది. ఆవిడ అడిగింది పోటీలో వచ్చిన బహుమతి సంగతే.

"పదకొండొందల తొంభై డిగ్రీలు, అమ్మా," అన్నాడు డెల్విన్. "ఆపైకి పోనివ్వలేదు."