నలభై అక్షరాల వరుస

పొద్దున్న ఎనిమిదింటికే మెకానిక్ రెండు క్యాసెట్లు పెట్టి చూసేశాడు. టీవీలు బాగుచేసి బతికే మనిషి; దుకాణం కింద, ఇల్లు పైన. ఎప్పటివో పాతకాలపు కంప్యూటర్లు, టీవీకి తగిలించుకునేవి, రెండుంటే దుమ్ము దులిపి ఒకటి కింద, ఒకటి పైన వీధి కిటికీ దగ్గర పెట్టి మధ్య తీగ లాగాడు. ఇక కావలసింది టెర్మినల్ ప్రోగ్రాం; ఆ కంప్యూటర్లకు ప్రోగ్రాం ఏదైనా టేపు క్యాసెట్లోంచే ఎక్కించాలి. ఇక్కడ కొట్టిన మాట అక్కడి తెరమీద పడేట్టు చేసేది అదే.

భార్యకు గొంతు ఆపరేషనై నాలుగు నెలలు. మాట పోయింది, జబ్బు పోలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. సెల్‌ఫోన్ ఇస్తే రెండు రోజుల్లో పక్కన పడేసింది. ముప్పై ఏళ్లు టైపిస్టుగా చేసిన వేళ్లాయె, మీట కిందికి దిగితే గాని కొట్టినట్టుండదు. ఆయన కింద ఉంటే, ఏం కావాలన్నా గరిటెతో కంచం మోగిస్తోంది. మోత వినపడుతుంది గానీ అందులో ఆవిడేదీ? ఆయనకు కావలసింది ఆవిడ మాట, ఉన్నన్నాళ్లూ.

మొదటి ప్రోగ్రాం రంగులు చూపించి అక్షరాలు మింగేసింది. రెండోది ఆయనకు తెగ నచ్చింది. వరుసకు ఎనభై అక్షరాలు, పైగా వచ్చిన ప్రతి మాటా క్యాసెట్లో దాస్తుంది. ఆవిడ తెరకు ముక్కు ఆనించి చూసి, కాగితం మీద రాసింది: "చీమలు పాకుతున్నాయి."

మూడోది వరుసకు నలభైయే. అక్షరాలు లావుగా, హాయిగా ఉన్నాయి. కానీ ఏదీ దాచదు. తెర నిండితే పై వరుస పోతుంది.

"ఇందులో పోయింది పోయినట్టేనోయ్," అన్నాడు.

"నోటితో అన్నప్పుడు దాచుకున్నారా ఏమిటి?" అని రాసింది.

ఇన్నేళ్ల సంసారంలో ఆవిడతో వాదించి గెలిచిందెప్పుడు గనక! మూడోదే పెట్టి కిందికి దిగాడు.

పదింటికి మొదటి మాట వచ్చింది, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు: "ఏమండీ, షట్టర్ సగమే తీశారు. బేరం పాక్కుంటూ రావాలా?"

పగలబడి నవ్వాడు. టీవీ తెచ్చినాయన బిత్తరపోయాడు. అచ్చంగా ఆవిడే, అదే దెప్పు! నాలుగు నెలల తర్వాత ఇంట్లో మనిషి తిరిగొచ్చినట్టయింది. రెండు వేళ్లతో వెతుక్కుంటూ ఆయనా జవాబులు కొట్టాడు. రోజంతా అదే వరస, మధ్యమధ్య వీధవతల కొట్లో టీ.

నాలుగింటికి "కాస్త నడుం వాలుస్తాను" అని వచ్చింది. అరగంటాగి పలకరిస్తే జవాబు లేదు. తీగ వదులైందేమోనని తంటాలు పడ్డాడు. ఎంటర్ మీట ఇరవై ముప్పైసార్లు నొక్కి చూశాడు. లాభం లేక మెట్లెక్కాడు.

ఆవిడ కుర్చీలోనే ఉంది, తల ఓ పక్కకు వాలి. చెయ్యి చల్లబడింది.

ఇరుగుపొరుగు వచ్చాక, ఆవిడ చివరి మాటలైనా మళ్లీ చూసుకుందామని కిందికి పరుగెత్తాడు. తెర ఖాళీ, పైదానిలాగే. తను నొక్కిన ప్రతి నొక్కుకూ ఒక్కో వరుస పైకి పోయింది. తన చేత్తోనే తుడిచేశాడు. టీవీ పట్టుకుని భోరుమన్నాడు.

పైకొచ్చి, తీగ ఊడదీద్దామని కీబోర్డు ఎత్తాడు. కింద కాగితాలు. ఆయన దాచుకోవాలనుకున్నాడని ఆవిడే దాచింది. ఇద్దరి మాటలూ, వేళలతో సహా, ఆఫీసు కాపీలాగా ముత్యాల్లాంటి చేతిరాతలో ఉన్నాయి. మూడున్నరకు ఆయన కొట్టిన "టీ రెండుసార్లే తాగాను" పక్కన పెన్సిల్‌తో చిన్నగా రాసి ఉంది: "నాలుగు. పైనుంచి చూశాను."