కోళ్ళగంప

"అరవకు, కోళ్ళు బెదురుతాయి," అంది అత్త ఫిక్రియా.

దహీబా అరవలేదు. అస్వాన్ బజారు నుంచి పడవలో నైలు దాటి, కూరల సంచీ నెత్తిన పెట్టుకుని ఇసుక గట్టెక్కి వచ్చింది. ఆయాసపడుతూ సంచీ దించింది. వాకిట్లో నాలుగు కోళ్ళు. వాటి మీద బోర్లించి ఉంది ఆమె బుట్ట. సగం బుట్ట. మిగతా సగం గోడవార ఇసుకలో పడి ఉంది. మధ్యకి కోసేశారు.

"నీ ఆడపడుచు నిశ్చితార్థానికి మీ పినమామ కోళ్ళు తెచ్చాడు. అవి ఊరంతా తిరిగితే ఎవరు పట్టుకుంటారు? మా షాజలీ పడవలో వాడే కత్తితో చిటికెలో కోసిపెట్టాడు. ఉత్తినే పడుందిగా!"

ఉత్తినే! ఈ ఇంటికొచ్చాక ఆమె అల్లినవన్నీ ఎవరికో ఒకరికి పనికొచ్చినవే. రొట్టెల మీద మూతలు అల్లింది. గోడలకి రంగురంగుల పళ్ళేలు అల్లింది. వాటిని చూడ్డానికి టూరిస్టులు వస్తే, వాళ్ళకి మందారపు టీ పెట్టింది. "మా ఇంటి పనితనం," అని భర్త షాజలీ ఫొటోల్లో ముందు నిలబడేవాడు, ఆమె వంటింట్లో గ్లాసులు కడిగేది. ఈ ఒక్కటీ మాత్రం తనకోసం మొదలుపెట్టింది. పప్పు ఉడికే సందులో ఒక చుట్టు, పిల్లలు నిద్రపోయిన మధ్యాహ్నం ఇంకో చుట్టు. ఖర్జూరపు ఆకు పాయలు పెదాల మధ్య పట్టుకుని తడి చేసి, దబ్బనంతో గుచ్చి లాగీ లాగీ వేళ్ళు పగిలాయి. బుట్ట తన భుజం ఎత్తుకి లేచాక పైన మూసేసింది. మూతి లేదు. "ఇందులో ఏం పెడతారే?" అని అత్త వెక్కిరిస్తే, "ఏమీ పెట్టరు అత్తా," అంది. ఆ మాట చెప్పినప్పుడు కలిగిన సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు. కైరో నుంచి వచ్చిన నెర్మీన్ మేడమ్ దాని చుట్టూ తిరిగి తిరిగి చూసి, అక్కడి ఆర్ట్ ప్రదర్శనకి తీసుకెళ్తానంది. రేపే కారు వస్తుంది.

సాయంత్రం షాజలీ పడవ కట్టేసి వచ్చి, బెండకాయ పులుసు ముందు కూర్చున్నాడు.

"రేపు కారు వస్తుందని నీకు తెలుసు," అంది దహీబా.

"మర్చిపోయాను. ఇంకోటి అల్లుకో, ఆకుకేం కరువా?"

"నీ పడవని మధ్యకి కోసి, చెక్కకేం కరువని నేనంటే?"

"పడవ అన్నం పెడుతుంది దహీబా! దానికీ దీనికీ పోలికా? సరే, ఎలుకలు కొరికాయని మేడమ్‌తో చెప్పు. ఇంటి పరువు బయట పెట్టుకోకు."

కోసినందుకంటే ఆ మాటకే ఆమె ఒళ్ళు భగ్గుమంది. తన చేతుల కష్టాన్ని అతను కోస్తే, ఆ కోతని తన నోటితో కప్పాలి! ఇన్నేళ్ళూ ఆమె చేసిందదే. అతను విసిరిన గిన్నె జారిపడిందని చెప్పింది. అతను వద్దంటే మానేసిన స్కూలు ఉద్యోగాన్ని తనకే ఇష్టం లేక మానేశానంది. ఎన్నిటికి ఎన్ని ఎలుకల్ని సాకింది ఈ ఇంట్లో! రొట్టెల గంప అతని ముందుకు తోసి, లేచి వాకిట్లోకి వెళ్ళింది. కోళ్ళని వదిలేసింది. అవి ఊరి మీద పడ్డాయి. అత్త శాపనార్థాలు పెడుతూ వాటి వెంట పరిగెత్తింది.

పొద్దున్నే నెర్మీన్ మేడమ్ వచ్చింది. రెండు ముక్కల్నీ, లోపలి రెట్టనీ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో దహీబా! దీన్ని మళ్ళీ కుట్టగలవా?"

"కుట్టను. ఇలాగే తీసుకెళ్ళండి. కడగొద్దు కూడా."

మేడమ్ ఆ కోతని వేలితో తడిమి చూసి, తలూపింది.

"మరి ప్రదర్శనలో దీని పక్కన పెట్టే కార్డు మీద ఏం రాయను?"

షాజలీ గబగబా ముందుకొచ్చాడు. "ఎలుకలు, మేడమ్..."

"అల్లింది దహీబా," అంది ఆమె, అతని వైపు చూడకుండానే. "కోసింది ఆమె మొగుడు షాజలీ."

"పిచ్చెక్కిందా నీకు? కైరోలో అందరూ చదువుతారు!"

"మేడమ్, అతని పేరు చిన్నగా వేయకండి," అంది దహీబా. "రెండు పేర్లూ ఒకే సైజులో ఉండాలి."