బాకీ సేవ

శనివారం వచ్చిందంటే జ్ఞానప్రసూనకు కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. అమెరికాలోని ప్లేనోలో పేదలకు ఉచితంగా సరుకులిచ్చే కేంద్రంలో డబ్బాలు సర్దుతూనే, తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడి చూసేది. తెలుగు ముఖం కనబడితే బియ్యం బస్తాల వెనక్కి తప్పుకునేది.

భర్త లక్ష్మీపతికి ఉద్యోగం పోయింది. ఆ వెనకే గుండె ఆపరేషన్. దాచుకున్నదంతా ఆసుపత్రికే సరిపోయింది. ఇల్లు ఖాళీ చేయమన్నాక, సిటీ సహాయ నిధి వాళ్లు అద్దె కట్టారు, అప్పుగా. చేతిలో డబ్బు లేనివాళ్లు ఇలాంటి కేంద్రాల్లో పనిచేసి ఆ అప్పు తీర్చవచ్చు. "ఇందులో సిగ్గెందుకు?" అన్నాడు లక్ష్మీపతి. సిగ్గుపడాల్సింది లేదని ఆమెకూ తెలుసు. తెలిసినంత మాత్రాన దడ తగ్గుతుందా?

చివరికి రాగిణి కంట పడనే పడింది. ఇద్దరూ ఒకప్పుడు ఇరుగుపొరుగు. పప్పు ప్యాకెట్లు డొనేట్ చేయడానికి వచ్చిన రాగిణి, ఆమెను చూసి గట్టిగా వాటేసుకుంది.

"ప్రసూనా! ఇంట్లో అన్ని టెన్షన్స్ పెట్టుకుని ఇక్కడ వాలంటీర్ చేస్తున్నావా? ఎంత మంచి మనసే నీది!" అంటూ ఫోటో తీసేసింది. "ఉగాది ఫంక్షన్‌లో నీకు సన్మానం చేయాల్సిందే. మన తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంట్ వీరభద్రరావు అంకుల్‌తో నేను మాట్లాడతా."

ప్రసూన నవ్వి ఊరుకుంది.

ఆ నవ్వే ఆమెను తినేసింది. కూర మాడగొట్టింది. కారు నడుపుతూ ఇంటి మలుపు దాటి ఎటో వెళ్లిపోయింది. అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో తన ఫోటో కింద దండాలు వచ్చి పడుతుంటే ఫోన్ బోర్లా పెట్టేది, మళ్లీ తీసి చూసేది. ఇక ఉండబట్టలేక రాగిణి ఇంటికి వెళ్లి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"నేను చేసేది సేవ కాదు రాగిణీ. సిటీ వాళ్లు మాకు రెంట్ కట్టారు. ఆ లోన్ పనిచేసి తీరుస్తున్నా. సన్మానం క్యాన్సిల్ చేయించు."

రాగిణి ముఖం చిన్నబోయింది. "ముందే చెప్పొచ్చు కదే! సరే, ఎవరికీ చెప్పన్లే."

"ఎందుకు వద్దందని అంకుల్ అడుగుతారుగా. ఉన్నదే చెప్పు."

అనేసి, లోపలికి రమ్మన్నా ఆగకుండా వెళ్లి కారెక్కింది.

మర్నాడు పొద్దున వీరభద్రరావు ఫోన్ చేశాడు. ఎత్తాలా వద్దా అని తటపటాయించి ఎత్తింది.

"రాగిణి చెప్పిందమ్మా. సన్మానం సంగతి అలా ఉంచు," అని గొంతు తగ్గించాడాయన. "చంద్రిక అని మన తెలుగమ్మాయే ఒకతి ఉంది. మొగుడు వదిలేసి పోయాడు. రెంట్ కట్టే దారి లేదు. చందాలు వేద్దామంటే పేరు బయటికి రావద్దని ఏడుస్తోంది. ఆ సిటీ ఆఫీస్‌లో ఎవర్ని కలవాలో చెప్తావా?"

"చెప్తే వెళ్లదు అంకుల్. నేనూ మొదటిసారి పార్కింగ్ లాట్‌లోంచే వెనక్కి వచ్చేశాను. అడ్రస్ పంపండి, నేనే తీసుకెళ్తా."

చంద్రిక కార్ ఎక్కి, ముఖం సగం కప్పేలా చున్నీ లాక్కుంది. ప్రసూనకూ దడ ఇంకా తగ్గలేదు. ఏసీ కాస్త పెంచి, సిటీ ఆఫీస్ వైపు బండి పోనిచ్చింది.