పూడ్చిన మగ్గం గుంట

సిరిసిల్ల సాలెవాడల్లో రాజయ్య కాళ్లంతటి కాళ్లు ఇంకొకరికి లేవు. పందెం కాస్తాను. ఆయన తొడ మీద కొబ్బరికాయ కొడితే కాయ రెండు చెక్కలయ్యేది, తొడ మీద ఎర్రమచ్చైనా లేచేది కాదు. ఒకసారి బెదిరిన దున్నపోతు బజారులో అడ్డం వస్తే రాజయ్య పిక్క బిగించి నిలబడ్డాడు. ఆ పిక్కకు గుద్దుకున్న దున్న మూడు రోజులు మేత ముట్టలేదు.

అటువంటి రాజయ్యకు కొడుకు పర్శరాములు రోజూ పొద్దున ఉసిరికాయంత లేహ్యం ముద్ద నోట్లో పెట్టి, గ్లాసెడు పాలు తాగించేవాడు. చూసినవాళ్లు కొడుకంటే ఇట్లా ఉండాలె అనుకునేవారు. చదివేవారు కూడా అదే అనుకుంటారు. అక్కడే మనమంతా మోసపోయాం.

రాజయ్య నలభై ఏళ్లు గుంటమగ్గం నేసినవాడు. మగ్గం కింద మోకాలు దాటిన లోతులో గుంట ఉంటుంది. నేసే మనిషి నేల అంచున కూర్చుని కాళ్లు అందులోకి దించి, అడుగునున్న కర్రలను ఒకటి మార్చి ఒకటి తొక్కాలి. కాలు ఆగితే బట్ట ఆగుతుంది. పొద్దంతా తొక్కి తొక్కి, దిగబడ్డ ఒంటిని సాయంత్రం రెండు అరచేతుల మీద పైకి ఎత్తుకుని బయటికి రావాలి. దాన్ని వాళ్లు కూలి అనుకున్నారు గాని కసరత్తు అని ఎవరూ పేరు పెట్టలేదు.

ఊళ్లోకి కరెంటు వచ్చాక పర్శరాములు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి కుదిరాడు. అదే ఏడు రాజయ్యకు చలిజ్వరం వచ్చి పది రోజులు మంచాన వేసింది. జ్వరం తగ్గాక పర్శరాములు నాటువైద్యం చేసే నాగయ్య దగ్గరికి పోయాడు. నాగయ్య పెన్నేరుగడ్డ, అంటే అశ్వగంధ వేరు, పాలలో ఉడికించి, ఎండబెట్టి, దంచి, బెల్లం నెయ్యి కలిపి లేహ్యం చేసి ఇచ్చాడు.

"పొద్దుగాల ఒక ముద్ద తినిపియ్. పాలు తాపు. పప్పు తక్కువ చెయ్యకు. వారం పోయినంక మగ్గం మీద కూసుండవెట్టు, జరజర తొక్కనీ. కాళ్లకు పని తప్పియ్యకు."

పర్శరాములు లేహ్యం బుడ్డిని తువ్వాలలో చుట్టుకుని జాగ్రత్తగా ఇంటికి తెచ్చాడు. చివరి మాటను నాగయ్య అరుగు మీదే వదిలేసి వచ్చాడు.

దానికి ఒక కారణముంది. జ్వరం రాకముందు ఒకనాడు చాయ హోటల్లో అతనితో పాటు సాంచాలు నడిపే రామచంద్రం నలుగురిలో అన్నాడు: "ఏం పర్శరాములూ, నువ్వేమో కరెంటు మీద నేస్తున్నవ్, మీ బాపేమో గుంటల కూసుండి తొక్కవట్టె. గా ముసలోని రెక్కల మీద తింటున్నవా ఏంది?" హోటలంతా నవ్వింది. పర్శరాములు చాయ సగంలో వదిలి లేచాడు.

ఆదివారం నాడు మగ్గం విప్పి అటక మీద పెట్టాడు. పది తట్టల మన్ను తెచ్చి గుంటలో పోశాడు. రాజయ్య గోడకు ఒరిగి చూస్తున్నాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"నువ్వు కష్టపడ్డది సాలు బాపూ. ఇగ కాలు మీద కాలేసుకొని కూసో."

"కాలు మీద కాలేసుకుంటే బట్ట ఎవలు నేస్తరు?"

"నేసుడు నా పని. తినుడు నీ పని."

"తినుడు గూడ ఒక పనేనారా!" అని రాజయ్య నవ్వాడు. కొడుకు ప్రేమకు లోలోపల పొంగిపోయాడు కూడా. ఎందుకు దాచాలి? కోడలు శంకరవ్వ పూడ్చిన చోట పేడతో అలికింది. దాని మీద నులకమంచం వేశారు. గోడ నీడలో ముసలాయన, పక్కన లేహ్యం బుడ్డి. వీధిలో పర్శరాములు పరువు జానెడు పెరిగింది.

మొదటి రెండు నెలలు రాజయ్య మధ్యాహ్నం పడుకుంటే నిద్రలో పాదాలు కదిలేవి. ఎడమది, కుడిది, ఎడమది, కుడిది. లేని కర్రలను తొక్కుతూ ఉండేవి. శంకరవ్వ చూసి నవ్వుకునేది. ఆ పాదాలు ఎప్పుడు ఆగిపోయాయో ఇంట్లో ఎవరూ గమనించలేదు.

ఇప్పుడు కొబ్బరికాయ సంగతి ఒప్పుకుంటాను. రాజయ్య తొడ మీద ఎవరూ ఏ కాయా కొట్టలేదు. దున్నపోతు కూడా నాదే, దాని మేతా నాదే. ఆయన కాళ్లు ఊళ్లో ఏ నేత మనిషి కాళ్లలాంటివో అలాంటివే. నెత్తిన బట్టల మూటతో హుస్నాబాద్ అంగడికి నడిచిపోయి, మళ్లీ నడిచే వచ్చేవి. అంతే. ఆ అంతే ఎంత గొప్పదో పోయేదాకా తెలియలేదు.

ఏడాది దాటింది. ఒకనాడు శంకరవ్వ అన్నం పెడుతూ మెల్లగా అంది.

"మామ గోడ వట్టుకొని లేస్తుండు. నిన్న గోడ అందక నా భుజం వట్టుకున్నడు. వట్టుకొని మొకం అటు తిప్పుకున్నడు."

"జ్వరం నీరసం."

"జ్వరం వొయి ఏడాదాయె. పొట్ట వెరిగింది, తొడలు సూడు, నా చేతుల లెక్కనే ఉన్నయ్."

పర్శరాములు తినే చెయ్యి ఆపి మంచం వైపు చూశాడు. కాని తనకు తెలిసిన మందు ఒక్కటే. "రేపటి సంది లేహ్యం రెండు పూటలు వెడుదాం" అన్నాడు.

రెండు పూటలు పెట్టారు.

చలికాలం ఒక పొద్దున రాజయ్య ఇంటి వెనక దడి చాటుకు పోయాడు. కూర్చున్నాడు. లేవబోతే తొడలు మాట వినలేదు. దడి కర్ర పట్టుకుంటే విరిగింది. కొంతసేపు మోకాళ్ల మీద నిలదొక్కుకోవాలని చూశాడు. తర్వాత ఆ బురదలోనే కూలబడ్డాడు. మామ మంచం మీద లేకపోతే వీధి అరుగు మీద ఉన్నాడనుకుంది శంకరవ్వ. ఎండ దడి దాటి ఆయన నెత్తి మీదికి వచ్చాక, సాంచాల నుంచి అన్నానికి వచ్చిన పర్శరాములు కాళ్లు కడుక్కోవడానికి వెనక్కి పోయి చూశాడు.

"బాపూ! పిలువద్దా?"

"ఎవల్ని పిలువాలెరా?" అన్నాడు రాజయ్య. "కోడలినా?"

పర్శరాములు తండ్రిని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. బరువు లేదు. అది అతన్ని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

కబురందుకుని నాగయ్య వచ్చాడు. ముసలాయన తొడను వేళ్లతో పట్టి చూశాడు. చర్మం వేళ్ల మధ్య మడత పడింది, లోపల ఎముక తగిలింది. ఖాళీ బుడ్లు గూట్లో వరుసగా ఉన్నాయి.

"మగ్గం ఏది?" అన్నాడు.

"విప్పిన."

"గుంట?"

పర్శరాములు మంచం కిందికి చూశాడు.

నాగయ్యకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "మందు సగమే నేనిచ్చిన. తక్కిన సగం మీ ఇంట్లనే ఉండె. దాని మీద మన్ను వోసినవ్‌రా! గడ్డకు గుణముంది, కాదంటలేను. కాని కండకు పని సూపెట్టాలె. పని లేనోనికి లేహ్యం వోస్తే పొట్టకు వోతది, తొడకు వోదు. పెద్దోళ్లను కూసుండవెట్టి తినవెట్టుడు మర్యాదనుకుంటున్నరు మీరంత. కాళ్లు తీసుకొని మర్యాద ఇచ్చినవ్."

"నలుగురు నవ్విన్రు నాగయ్యా" అన్నాడు పర్శరాములు, చిన్నపిల్లవాడిలా.

"ఇప్పుడు పిలువు గా నలుగురిని. మీ బాపును లేపుమను."

పర్శరాములు పలుగు తీసుకున్నాడు. మంచం జరిపి, అలికిన నేల పగలగొట్టి, ఏడాదిన్నర కింద తను పోసిన మన్నునంతా తానే ఎత్తిపోశాడు. అటక మీది మగ్గం దించి బిగించాడు. తండ్రిని గుంట అంచున కూర్చోబెట్టి, కాళ్లు ఒక్కొక్కటే పట్టి కర్రల మీద పెట్టాడు. మొదటి రోజు పది తొక్కుళ్లు, రెండో రోజు ఇరవై. మూడు నెలలు తిరిగేసరికి రాజయ్య అరచేతులు నేలకు ఆనించి ఒంటిని పైకి లేపుకుని, తలకు రుమాలు చుట్టుకుని, రామచంద్రానికి జవాబు చెప్పడానికి హోటలుకు నడిచిపోయాడు.

కథ ఇక్కడ ఆపితే మీకూ నాకూ అన్నం సయిస్తుంది. కాని ఇది నలుగురూ చదవాలని రాస్తున్నది, మన ఇళ్లన్నిటా మంచాల మీద కూర్చోబెట్టిన పెద్దవాళ్లున్నారు. అందుకని ఉన్నది చెబుతాను. గుంట తవ్విన మాట నిజం. కాళ్లు కర్రల మీద పెట్టిన మాటా నిజం. కర్ర కిందికి దిగలేదు. రాజయ్య తన పాదాలను పరాయివాడి పాదాల్లా చూసి, "నా కాళ్లు యాడికి వోయినయ్‌రా?" అని అడిగాడు. ఉగాది రాకముందే పోయాడు.

పర్శరాములు ఆ గుంటను మళ్లీ పూడ్చలేదు. సాంచాల ముందు నిలబడి నిలబడి సన్నబడుతున్న తన పిక్కలను ఒకరోజు తడిమి చూసుకున్నాడు. అప్పటినుంచి రోజూ పనికి పోయే ముందు తానే అందులో దిగి మూరెడు బట్ట నేస్తున్నాడు. తల్లిదండ్రులకు మందు కొనిపెట్టండి, పాలు పోయండి, కాని వాళ్ల చేతిలో పని, కాళ్లలో నడక మాత్రం ప్రేమ పేరుతో లాక్కోకండి.

రాజయ్య లేచి నడిచాడన్నది కూడా, కొబ్బరికాయలాగే, నేను కల్పించిందే.