చెంపదెబ్బ మీద విచారణ

వీధి మొత్తం కత్తెర బాబాయి అని పిలిచే ఆ సెలూనాయనకు కావలసింది ఒక్కటే. కానిస్టేబుల్ తనను కొట్టిన మాట నిజమేనని ఎవరైనా పైకి అనాలి. ఎవరూ అనలేదు. ఇంట్లో పిన్ని సైతం, "నిన్నెందుకు కొడతాడయ్యా, నువ్వేమంత గొప్పవాడివని?" అని తీసిపారేసింది. దాంతో బాబాయి పోలీసుల మీద ఫిర్యాదులు వినే కమిటీకి అర్జీ పెట్టుకున్నాడు.

విచారణ గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక చైర్మన్. ఫ్యాను తిరుగుతోంది గానీ, గాలి ఆయన వరకే.

"షాపు కుర్చీ రోడ్డు మీదకొచ్చింది, లోపలికి జరుపు అన్నాడండీ. మాస్టారి మొహం మీద తడి తువ్వాలుంది, తీసేదాకా ఆగండి అన్నాను. అంతే, చెంప ఛెళ్లుమనిపించాడు" అన్నాడు బాబాయి.

"వేలు చూపించానంతే సార్" అన్నాడు కానిస్టేబుల్. "చప్పుడంటారా, గడ్డం గీశాక ఈయన లోషన్ రాసి అందరి చెంపలూ వాయిస్తాడు. ఊరంతా ఎరిగిందే."

సాక్షి ఒక్కడే, రిటైరైన లెక్కల మాస్టారు.

"మీరు చూశారా?" అనడిగాడు చైర్మన్.

"తువ్వాలు అడ్డమండీ. చప్పుడు మాత్రం విన్నాను."

"ఎవరి చెంప మీద?"

"నాది కాదనుకుంటానండీ. ఏళ్ల తరబడి అలవాటుపడ్డ చెంప, గట్టిగా చెప్పలేను."

చైర్మన్ బల్ల మీదకు వంగాడు. "మళ్లీ వినిపిస్తే పోల్చుకుంటారా?"

"ఎందుకు పోల్చుకోనూ!"

మాస్టారి మొహం మీద తువ్వాలు కప్పారు. ముందు బాబాయి ఎప్పటిలాగే ఆయన చెంప వాయించాడు.

"ఇది కాదు. ఇది మన బాబాయి చెయ్యి."

తర్వాత కానిస్టేబుల్ లేచి బాబాయి ఎడమ చెంప మీద మర్యాదగా ఒకటి వేశాడు.

"ఊహూఁ. ఆ రోజుది ఇంకాస్త నిండుగా ఉంది."

కానిస్టేబుల్ చైర్మన్ వైపు చూశాడు. "కానివ్వండి" అన్నాడు చైర్మన్.

"దగ్గరికొచ్చాం" అన్నారు మాస్టారు.

మూడోదానికి బాబాయి బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఆఁ! ఇదే! అచ్చం ఇదే!" మాస్టారు తువ్వాలు లాగేసి, సంతోషంగా అందరి మొహాలూ చూశారు.

కానిస్టేబుల్ కొట్టిన మాట నిజమేనని చైర్మన్ రాయించి, క్షమాపణ చెప్పమన్నాడు.

"తప్పయిపోయింది" అన్నాడు కానిస్టేబుల్.

"దేనికి బాబూ?" అన్నాడు బాబాయి.

"ఆ రోజుదానికి. ఇవాళ్టివి ఆర్డరు మీద కొట్టినవి."

చైర్మన్ అవునన్నట్టు తలూపాడు. "వాటి మీద కూడా ఫిర్యాదు ఉంటే మాకే పెట్టుకోండి. మేమే వింటాం. ఇంకేమైనా ఉందా?"

"ఇందాక రాయించారే, ఆ ముక్క ఇంకోసారి చదువుతారా అండీ?"

చైర్మన్ చదివాడు. ఎడమ చెవి ఇంకా గుయ్యిమంటుంటే, బాబాయి కుడి చెవి అటు తిప్పి విన్నాడు.