దండ వేసే చెయ్యి

ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసు వరండాలో కుర్చీలన్నీ నాకు బాగా పరిచయం. ఏ కుర్చీ కాలు వంకరో, ఏది ఫ్యాను కిందికి వస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలను. బడి వదలగానే బస్సెక్కి, పిల్లలు చేసిన రోబో ఫోటోలు పట్టుకుని అక్కడ కూర్చోవడం నాకు రెండో ఉద్యోగమైపోయింది. మొదటిది నల్లమల కింది ఊళ్లో హైస్కూలు పిల్లలకి ఫిజిక్స్ చెప్పడం. జీతం మాత్రం మొదటిదానికే.

మా బళ్లో రోబోటిక్స్ క్లబ్బుకి ఒక గది ఉంది. దాన్ని సరుకుల గోడౌనుకి ఇచ్చేయమని పైనుంచి అడుగుతున్నారు. హెడ్మాస్టరు లక్ష్మీనరసయ్య గారు మంచివారే. ఎవరు గట్టిగా అడిగినా ఇచ్చేసేంత మంచివారు.

"పెద్దోళ్లెవరన్నా వచ్చి ఒక మాట చెప్పి, అది పేపర్లో పడితే గది జోలికి ఎవరూ రారమ్మా. నాకు ఓపిక లేదు, నువ్వే తిరుగు," అన్నారు. నాకు ఓపిక ఉందని ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. తిరిగాను.

రోబో చేసింది పదో తరగతి యామిని. వాళ్ల నాయన పిచ్చయ్యకి బత్తాయి తోట ఉంది, తోటంతటికీ ఒకటే బోరు. రిపేరుకని పైకి లాగుతుంటే పైపు తెగి మోటారు బోర్లోనే పడిపోయింది. ఎంత లోతులో, ఎటు ఒరిగి ఇరుక్కుందో తెలిస్తే కొక్కెం వేసి లాగొచ్చు. గుడ్డిగా వేస్తే ఇంకా కిందికి జారుతుంది. అందుకని ఈ పిల్ల పైపు ముక్కలో కెమెరా, లైటు బిగించి, కేబులు మీద బోర్లోకి మెల్లగా దించే రోబో తయారు చేసింది. దాన్ని దించేది, ఆపేది, పైకి లాగేది ఒక చిన్న గేరు మోటారు. మా కిట్టులో గట్టిది అదొక్కటే. ఇంకోటి కావాలంటే వచ్చే ఏడాది దాకా ఆగాలి.

ఇదంతా పీఏ హరిబాబుకి విడమరిచి చెప్పాను.

"అది బోర్లోకి దిగినాక మా సారు ఏం జేయాల మేడం?" అన్నాడు.

"చూడాలి."

"తొంగి చూస్తే ఫోటోలో సారు వీపు పడతాది. దండ వేస్తాదా అది?"

పక్కనే టీ తాగుతున్న విలేకరి మల్లికార్జున వంత పాడాడు. "నిజమే మేడం. భూమి లోపల జరిగేదానికి ఫోటో ఏముంటాది? రోబో దండ వేసిందనుకోండి, ఫస్టు పేజీలో కొట్టిస్తా."

ఆ ఫోటోలు వాళ్ల మొహాన కొట్టి వచ్చేయాలనిపించింది. కానీ అప్పటికి నేను తిరిగి తిరిగి అలిసిపోయి ఉన్నాను. "వేస్తుంది," అన్నాను.

దండ సంగతి చెప్పినప్పుడు యామిని నా మొహం చూడలేదు.

"నాయన బోరు కాడికి మనుషుల్ని పిలిపించినాడు మేడం. మూడుకాళ్ల స్టాండు, చైనుకప్పీ అన్నీ తెస్తారు. ఆదివారం పొద్దున దాకనే ఉంటారంట, ఆమీదట పామూరు పోతారు. కాయంతా వాడిపోతా ఉంది."

"శుక్రవారం ఆయన వచ్చి పోగానే విప్పుకుందాంలే. ఒక్క రోజే."

స్క్రూడ్రైవరు తీసుకుని గేరు మోటారు విప్పి, కెమెరా పైపుని గదిలోనే ఒక పక్కన పెట్టింది. ఆ మోటారుకి ప్లాస్టిక్ పైపుతో ఒక చెయ్యి చేసి బ్యాటరీ పెట్టారు పిల్లలు.

శుక్రవారం పొద్దున రావాల్సిన ఎమ్మెల్యే గారు సాయంత్రానికి వచ్చారు. బంతిపూలు వాడిపోతే మళ్లీ కొత్త దండ తెప్పించాం. రోబో చెయ్యి గిర్రున తిరిగి ఆయన మెడలో దండ పడేసరికి ఊరంతా ఈలలు. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వి, "మళ్లీ ఒకసారి వేయించండమ్మా," అన్నారు. నిజంగానే సంబరపడ్డారు, ఆ మాట ఒప్పుకోవాలి. మైకుల ముందు, "ఈ గది పిల్లలదే, ఎవరూ తీసుకోరు," అని కూడా అన్నారు. నాకు కళ్లు తిరిగినంత పనైంది, అలసటో సంతోషమో తెలియలేదు.

ఈలోగా హరిబాబు రోబోని శాలువాలో చుట్టి కారు డిక్కీలో పెట్టేస్తున్నాడు.

"రేపు గిద్దలూరులో మంత్రిగారి సభ ఉంది మేడం. ఇది ఆడికి రావాల. గది మీ పిల్లోళ్లకే అని కాగితం రాయించినా, దాని మీద సారు చేత ఆడనే సంతకం పెట్టిస్తా."

కారు వెళ్లిపోయాక యామిని ఒక్క మాటే అడిగింది. "మోటారు కూడానా మేడం?"

మర్నాడు మధ్యాహ్నం హరిబాబు ఫోను. మంత్రిగారు పొడగరి, రోబో చెయ్యి ఆయన మెడకి అందదు, సరిచేయడానికి ఆ పాపని తీసుకుని రమ్మన్నాడు. అడగడానికి వెళ్తే పిచ్చయ్య బోరు దగ్గర కప్పీ వాళ్లతో కూర్చుని ఉన్నాడు.

"పోయి రాండమ్మా. మంత్రిగారి పనికన్నా మన పని ఎక్కువా? పొద్దున్నే వస్తిరంటే చాలు," అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

గిద్దలూరులో స్టేజీ వెనక పరదా చాటున యామిని పైపు ముక్క అతికించి చెయ్యి ఎత్తు పెంచింది. ఒకసారి తిప్పి చూపిస్తే హరిబాబు మురిసిపోయాడు.

"రాత్రికి తిరిగి ఇచ్చేస్తారు కదా?" అన్నాను.

"ఎట్ల మేడం? ఎల్లుండి ఒంగోలు తీసకపోవాల, ఆడ కూడా అడుగుతా ఉండారు. మీ పిల్లోళ్లు తెలివిగలోళ్లు, ఇంకోటి చేసుకుంటారు. ఇదిగో, మీ కాగితం. సారు రాంగానే సంతకం." కాగితం నాకు చూపించి మళ్లీ తన ఫైల్లోనే పెట్టుకుని స్టేజీ వైపు పోయాడు.

యామిని నన్ను చూసింది. నేను ఆమెని చూశాను. ఆమె స్క్రూడ్రైవరు తీసింది. నేను లేచి వెళ్లి పరదాకీ ఆమెకీ మధ్య నిలబడ్డాను. కాళ్లు పీకుతున్నాయి, అయినా నిలబడ్డాను. మోటారు ఆమె టిఫిను సంచిలోకి పోయింది.

ఎమ్మెల్యే గారు, హరిబాబు, వెనకే కెమెరాతో మల్లికార్జున వచ్చారు.

"మోటారు కాలిపోయింది సార్," అంది యామిని.

మా వైపు ఆ మాటకి ఎదురు ప్రశ్న ఉండదు. ప్రతి ఇంట్లో ఏదో ఒక ఏడు విన్న మాటే. స్టేజీ కరెంటు చూసే అతను అయ్యో అన్నాడు. కానిస్టేబులు తల పంకించాడు. ఎమ్మెల్యే గారు అసలే తోటలున్న మనిషి.

"ఓల్టేజీ దెబ్బ కొట్టింటాది పాపా. మా బోరుది కూడా మొన్ననే కాలింది. మంచి మెకానిక్కు చేత వైండింగు చుట్టించుకో," అని ఓదార్చారు. రోబో బ్యాటరీ మీద నడుస్తుందన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

హరిబాబు మాత్రం నా వైపు తిరిగాడు. "నిజమేనా మేడం?"

కాగితమున్న ఫైలు అతని చంకలో కనపడుతూనే ఉంది. అన్నాళ్ల తిరుగుడు, ఆ కుర్చీలు, ఆ బస్సులు అన్నీ అందులోనే ఉన్నాయి.

"కాలిపోయింది," అన్నాను.

"అట్లనా. అయితే సంతకం సంగతి మళ్లీ చూద్దాంలే," అని ఫైలు బ్యాగులో పెట్టి జిప్పు లాగాడు. మంత్రిగారికి దండ ఎమ్మెల్యే గారే వేశారు. మల్లికార్జున ఫోటో తీసుకున్నాడు.

తిరుగు బస్సులో సీటు దొరికింది. యామిని టిఫిను సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"గది పోవచ్చు. తెలుసా?" అన్నాను.

"తెలుసు మేడం." "మీరు ఎన్నిసార్లు తిరిగినారో కూడా తెలుసు," అని, అప్పుడు ఏడ్చింది.

ఆ మాట హెడ్మాస్టరు అనలేదు, మా ఇంట్లో ఎవరూ అనలేదు. నాకూ ఏడుపు ఆగలేదు.

"ఊరుకో," అన్నాను చివరికి. "పొద్దున్నే బోరు దగ్గర పనుంది, కాస్త నిద్రపో."