వాచిన ఎడమ కాలు

ఇబ్రహీంపట్నంలో చేపలమ్మే నర్మదకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని మార్కెట్‌లో అందరికీ తెలుసు. ఆమే చెప్పింది. హైదరాబాద్‌లో కీమో నడుస్తోంది. ఓపికున్న రోజు వచ్చి కత్తిపీట ముందు కూర్చునేది. భర్త కాశయ్య తూకం వేసేవాడు. బేరమంతా ఆమెదే, అతనిది తలూపడమే.

ఆ ఉదయం శేరిగూడలో మేనకోడలు త్రివేణి పెళ్లి. నర్మద పట్టుచీర కట్టి, తలకు రుమాలు చుట్టి, కొత్త చెప్పులు వేసుకోబోయింది. ఎడమ కాలికి పట్టలేదు.

"దుకాణపోడు ఒకటి చిన్నది ఇచ్చిండు సూడు!"

కాశయ్య వంగి చూశాడు. చెప్పులు రెండూ సమానమే. ఎడమ కాలే పాదం నుంచి పిక్క దాకా ఉబ్బి, ఎర్రగా, వేడిగా ఉంది.

"ఎప్పటిసంది?"

"నిన్నటిసంది. గుంజుతున్నది. గదేం గాదు తియ్."

చెల్లెలు భవాని నూనె గిన్నెతో వచ్చింది. "జర మాలిష్ జేస్తే పోతది అక్కా."

"ముట్టకు!" కాశయ్య అరిచాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఉలిక్కిపడ్డారు. "డాక్టరమ్మ చెప్పలే? ఈ బీమారున్నోళ్లకు రక్తం గడ్డ కడ్తదంట. ఒక్క కాలే వాస్తే ఎంటనే రమ్మన్నది. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లకు పోతే పానం మీదికొస్తది."

"పెండ్లి అయినంక పోదాం."

"ఇప్పుడే పోదాం."

పక్కింటి బాలరాజ్ కారులో పట్టుచీరతోనే దవాఖానకు వెళ్లారు. "పెండ్లికి పోతున్నరా అమ్మా?" అని నర్సు అడిగింది.

"పోనిస్తే గదా!" అంది నర్మద, భర్తను గుడ్లురిమి చూస్తూ.

స్కానింగ్‌లో తొడ రక్తనాళంలో గడ్డ కనిపించింది. "మంచి టైంకొచ్చిన్రు," అంది డాక్టర్, జరిగిందంతా విని. "మాలిష్ చేయకపోవుడు ఇంకా మంచిగైంది." నర్మద కాశయ్య చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

గడ్డ పెరగకుండా రోజూ పొట్టకు ఇంజెక్షన్ వేయాలన్నారు. ఎలా వేయాలో నర్సు కాశయ్యకు నేర్పింది. ఇంటికొచ్చాక అతను సూదిని పొట్ట దాకా తెచ్చి రెండుసార్లు వెనక్కి తీశాడు.

"ఇంతింత కొర్రమీన్లు పట్టేటోనివి, గీ సూదికి భయమా?"

"కొర్రమీను తిట్టదు గదనే."

ఆమె పకపకా నవ్వింది. పొట్ట అదిరింది.

"నవ్వకే, జర ఆగు!"

ఆమె ఊపిరి బిగబట్టింది. అతను గుచ్చాడు. వారం తిరిగేసరికి వాపు దిగింది, గడ్డ వల్ల ఆగిన కీమో మళ్లీ మొదలైంది. తర్వాత సూది మాని మాత్రలిస్తామని డాక్టర్ అంటే, కాశయ్యే కాస్త దిగులుపడ్డాడు. చెయ్యి అప్పుడప్పుడే కుదురుతోంది మరి.